లంకకి తిరిగి వెళ్ళిన పెట్ట

మా మేనత్త పుట్టింటికి తిరిగి వచ్చిన రోజులో నాకు గుర్తున్నది ఒక్క దృశ్యమే. కాలవ గట్టు మీద నాన్నగారు ముందు నడుస్తున్నారు, భుజాన బట్టల మూటతో. వెనక అత్త, చంటిపిల్లని ఎత్తుకున్నట్టు ఒక కోడిపెట్టని ఎత్తుకుని వస్తోంది. ఎండ ఆవిడ వెనకనుంచి పడుతోంది. పెట్ట మెడ చుట్టూ ఉన్న నల్లచుక్కలు కనిపిస్తున్నాయి గాని అత్త మొహం కనిపించడం లేదు. ఆవిడ నుదుట బొట్టు లేదన్న సంగతి ఇంట్లోకి వచ్చాక చూశాను.

పంతొమ్మిది వందల ముప్పైల మొదట్లో మాట అది. నేను బాగా చిన్నదాన్ని. మా ఊరు ఆకివీడుకి పడమటివైపు, కొల్లేటి అంచున ఉండేది. వానాకాలం వెళ్ళేటప్పటికి సరస్సు నీరు మా పెరటి కంచె దాకా వచ్చి, చలికాలమంతా అక్కడే ఉండిపోయేది. పొద్దున్న ఆ నీటి మీద పడ్డ ఎండ వెనక పంచ దూలాల మీదకి ఎగబాకి వణికేది. నేను మంచం మీద వెల్లకిలా పడుకుని ఆ వెలుగు వణకడం చూస్తూ, లేవమని అమ్మ పిలిచిన పిలుపులు వినిపించనట్టే ఉండేదాన్ని.

అత్తని ఇచ్చింది కొల్లేటి నడుమనున్న ఒక లంక ఊరికి. పెళ్ళయిన రెండో ఏడే మావయ్య జ్వరంతో పోయారు. కర్మలు అయ్యాక నాన్నగారు వెళ్ళి చెల్లెల్ని తీసుకొచ్చేశారు. పడవ ఎక్కేటప్పుడు వాళ్ళ అత్తగారు ఒక్క మాటా మాట్లాడకుండా ఈ పెట్టని తెచ్చి చేతుల్లో పెట్టిందట. అప్పటికది ఇంకా పిల్లకి ఎక్కువ, పెట్టకి తక్కువ. ఆ తర్వాత అక్కడినుంచి ఎవరూ రాలేదు, ఇక్కడినుంచి ఎవరూ వెళ్ళలేదు. ఆ ఊరి మాట మా ఇంట్లో ఎత్తేవాళ్ళు కాదు.

అత్త మా ఇంట్లో చప్పుడు చెయ్యకుండా తిరిగేది. అమ్మ కంటే ముందే లేచేది, అందరూ తిన్నాక తినేది, అడిగినదానికి మాత్రం సమాధానం చెప్పేది. అమ్మ ఆవిడని ఎన్నడూ ఒక మాట అనలేదు. పండక్కి చీర కొంటే ఇద్దరికీ కొనేది. అయినా అత్త ఎప్పుడూ గోడవారనే కూచునేది, ఎవరో వచ్చి అక్కడ కూచుంటారని చోటు వదిలినట్టు.

పెట్ట మాత్రం ఆవిడది. వెనక పంచలో పాత తట్టలో ఎండుగడ్డి వేసి దానికి చోటు చేసింది. ఇంట్లో అందరూ భోజనాలు చేసి నడుం వాల్చిన వేళ, ఊరంతా మాటుమణిగిన వేళ, అది వచ్చి తట్టలో కూచునేది. అత్త స్తంభానికి ఆనుకుని కూచుని దాన్ని చూసేది. ఇద్దరూ అలా ఎంతసేపు కూచునేవారో. కాసేపటికి పెట్ట లేచి, ఏదో ఘనకార్యం చేసినట్టు అరుచుకుంటూ పెరట్లోకి పరిగెత్తేది. అత్త ఆ గుడ్డు తీసి, వెచ్చగా ఉండగానే తెచ్చి నా చెంపకి ఆనించేది. నేను సగం నిద్రలో ఉండేదాన్ని. ఆ వెచ్చదనం కలలోకి వచ్చేసేది. ఆవిడ తను గుడ్డు తినేది కాదు. అన్నం కుండలో నాకు ఉడకబెట్టి ఇచ్చేది.

నాకు తొమ్మిదో ఏడు వచ్చిన శీతాకాలంలో పెట్ట గుడ్లు పెట్టడం మానేసింది.

మొదట ఎక్కడో దొంగచాటుగా పెడుతోందనుకున్నాం. వెతకడం నా పని అయింది. గడ్డివాము కింద చూశాను, మిరపమొక్కల మధ్య చూశాను, బోర్లించిన పాత దోనె కింద దూరి చూశాను. ఆ దోనె కింద చీకటి, తడి మట్టి వాసన, చెక్క పగుళ్ళలోంచి సన్నగా దిగే వెలుగు నాకెంత నచ్చాయంటే, గుడ్లు లేవని తెలిశాక కూడా వెతికే వంకతో అక్కడికే పోయేదాన్ని.

గుడ్లు దొరకలేదు గాని ఈకలు దొరికాయి. ఎక్కడ చూసినా ఈకలే. పెరట్లో, పంచలో, నీళ్ళ తొట్టిలో, తులసి మొదట్లో. పెట్ట మెడ బోసిపోయింది. తురాయి ఎరుపు తగ్గి పాలిపోయింది. అరుపు లేదు. పగలంతా కంచె నీడలో ఒదిగి నిలబడేది. అత్త తవుడు తడిపి పెట్టింది, నత్తల్ని ఏరి తెచ్చి చితక్కొట్టి పెట్టింది, గుల్లలు నూరి గింజల్లో కలిపింది. పెట్ట కొంచెం తిని పక్కకి జరిగేది. మధ్యాహ్నం వేళకి అత్త అలవాటు ప్రకారం స్తంభానికి ఆనుకుని కూచునేది. ఎదురుగా తట్ట ఖాళీగా ఉండేది.

అంతలో తాడేపల్లిగూడెం నుంచి మా మేనమామ, ఆయన భార్య వస్తున్నామని కబురు పెట్టారు. కార్తీకం వెళ్ళిపోయింది కాబట్టి నీచు తినడానికి అడ్డు లేదు. ఆ సాయంత్రం పొయ్యి దగ్గర అమ్మ అత్తతో మెల్లిగానే అంది. “అమ్మాయ్, ఏమీ అనుకోకు. ఆ పెట్ట ఇంక గుడ్లు పెట్టేలా లేదు. అన్నయ్యావాళ్ళు వచ్చినప్పుడు దాన్ని కోద్దామా? నీకు మంచి పిల్లని చూసి మళ్ళీ తెప్పిస్తాను.”

అత్త పుల్ల ఎగదోస్తూ, “మీ ఇష్టం వదినా” అంది.

కాని నాన్నగారు భోజనానికి కూచున్నప్పుడు ఆవిడ ఎన్నడూ లేనిది ఎదురుగా వచ్చి నిలబడింది. “అన్నయ్యా, రేపు నేను లంకకి వెళ్ళొస్తాను” అంది.

నాన్నగారు అన్నం కలుపుతున్న చెయ్యి ఆపారు. “లంకకా? అక్కడ నీకెవరున్నారు?”

“అత్తయ్యగారున్నారు కదా.”

“ఏం పనిమీద?”

“ఈ పెట్ట ఆవిడది. ఇచ్చేసి వస్తాను.”

అమ్మ గుమ్మంలో నిలబడి కొంగు వేలికి చుట్టుకుంటోంది. నాన్నగారు చెల్లెలి వంక చూసి, మళ్ళీ కంచం వంక చూసి, పిల్లని తోడు తీసుకెళ్ళు, ఒక్కదానివీ వద్దు అన్నారు. అలా నేను కొల్లేరు దాటాను.

మా రేవునుంచి ఒక ముసలాయన తాటిమొద్దు తొలిచి చేసిన దోనెలో లంకలకి సరుకులు చేరవేసేవాడు. తెల్లవారగానే ఆయన దోనెలో కూచున్నాం. పెట్ట మూతపెట్టిన గంపలో ఉంది, అత్త చెయ్యి గంప మీద ఉంది. మంచు దట్టంగా పట్టింది. దోనె ముందుకి వెళ్తోందో, కిక్కిస పొదలే మమ్మల్ని దాటి వెనక్కి వెళ్తున్నాయో తెలియలేదు. ముసలాయన గడ వేస్తుంటే ఆయన నడుం దాకా కనిపించేవాడు, పైన మంచు. ఎక్కడో రైలు కూసింది. ఆ కూత నీటి అడుగునుంచి వచ్చినట్టుంది.

గంప సందుల్లోంచి ఈకలు జారి నీళ్ళమీద పడుతున్నాయి. అవి దోనె వెనకే కాసేపు వచ్చి, అలసిపోయినట్టు ఆగిపోయేవి. నేను వెనక్కి తిరిగి వాటినే చూస్తున్నాను. మంచు పలచబడ్డాక తామరాకులు కనిపించాయి, తర్వాత తెల్లని దిబ్బ ఒకటి. దగ్గరికి వెళ్ళేసరికి ఆ దిబ్బ లేచి ఎగిరిపోయింది. గూడకొంగలని ముసలాయన చెప్పాడు. వాటి రెక్కల గాలి మా మొహాలకి తగిలింది.

అప్పుడు అత్త మాట్లాడింది.

“మీ మావయ్య పిట్టల్ని పిలిచేవారు, తెలుసా?”

నాకు తెలియదు. మావయ్య గురించి ఆవిడ నోట ఒక్క మాట నేనెప్పుడూ వినలేదు. ఇప్పుడు నీళ్ళవంక చూస్తూ, నాతోనో తనతోనో చెప్పుకుపోయింది. కొత్తగా కాపరానికి వెళ్ళినప్పుడు ఆ లంకలో నాలుగు పక్కలా నీటి చప్పుడు విని ఆవిడకి దిగులేసేదట. మావయ్య సాయంత్రాలు ఆవిడని గట్టుమీదకి తీసుకెళ్ళి, దోసిలి నోటికి అడ్డం పెట్టుకుని నీటికోడిలా కూసేవారట. కాసేపటికి కిక్కిసలోంచి ఒకటి పలికేది, దాన్ని విని ఇంకొకటి, చివరికి కొల్లేరంతా పలికేది. ఇంతమంది ఉన్నారు మనకి, ఇంక దిగులేమిటి అనేవారట. ఆవిడ పిలిస్తే మాత్రం ఒక్కటీ పలికేది కాదట. అది చెప్పి అత్త నవ్వింది. ముసలాయన కూడా నవ్వాడు. ఆ అబ్బాయిగారు పిలిస్తే మనుషులు కూడా మోసపోయేవారండీ అన్నాడు.

లంక ఒడ్డున దిగి నడుస్తుంటే ఏదో వెలితిగా అనిపించింది. తాళ్ళు ఉన్నాయి, తాటాకిళ్ళు ఉన్నాయి, ఆరేసిన వలలు ఉన్నాయి, గేదెలు ఉన్నాయి. మనుషులు మెల్లగా తిరుగుతున్నారు. అయినా ఊరు ఇంకా నిద్ర లేవనట్టుంది. అత్త ఒకచోట ఆగి చుట్టూ చూసి, “కోళ్ళేవండీ?” అని ముసలాయన్ని అడిగింది. వానల్లో కొక్కెర తెగులు వచ్చిందట. ఆ చివర ఇంట్లో మొదలై ఈ చివరిదాకా ఒక్క కోడిని మిగల్చలేదట. ఆనాటినుంచీ ఊరికి కోడికూత లేదు.

అత్త గంపని గుండెకి ఆనించుకుని నడక వేగం పెంచింది.

వాళ్ళ అత్తగారు గుమ్మం ముందు కూచుని బియ్యం చెరుగుతోంది. పొడుగ్గా, సన్నగా, ఎండిన కిక్కిస కాడలా ఉంది. పెద్దకొడుకు తాడేపల్లిగూడెంలో రైసుమిల్లులో పని చేస్తూ అక్కడికి వచ్చెయ్యమంటున్నా, ఆ ఇల్లు వదలనని ఒక్కతే ఉంటోందని దోనెలో విన్నాను. ఆవిడ మమ్మల్ని చూసి చేట పక్కన పెట్టింది. లేచి నిలబడింది. రమ్మని గాని, ఎందుకొచ్చావని గాని అనలేదు. అత్త గంప దించి మూత తీసింది. ఊడిపోయిన ఈకలతో, బోసి మెడతో పెట్ట లేచి నిలబడి ఒకసారి తల విదిలించింది.

ముసలావిడ వంగి దాని మెడమీది నల్లచుక్కలు చూసింది. “ఉంచావా దీన్ని?” అంది.

“గుడ్లు మానేసిందండీ. చుట్టాలొస్తే కోద్దామన్నారు. నాకు మనసొప్పలేదు.”

ఆవిడ పెట్టని చేతుల్లోకి తీసుకుని రెక్క విప్పింది. నన్ను దగ్గరికి పిలిచి చూడమంది. రెక్క కింద లేత చర్మం మీద, పెసరమొలకల్లా కొత్త ఈకలు పొడుచుకొస్తున్నాయి. “పాతవి వదిలి కొత్తవి వేసుకుంటోంది తల్లీ. ఆ పని అయ్యేదాకా ఇంక దేనికీ దానికి ఓపిక ఉండదు. అయ్యాక పెడుతుంది” అంది.

మధ్యాహ్నం నాకు చేపల పులుసుతో అన్నం పెట్టి చాప వేశారు. దోనె ఊపు ఇంకా ఒంట్లోంచి పోలేదు. కళ్ళు మూసుకుంటే నేల మెల్లిగా కదులుతోంది. ఆ కదలికలో వాళ్ళిద్దరి మాటలు దూరంనుంచి వినిపించాయి.

“ఆ రోజు మీ అన్నయ్యగారు, మా పిల్లని తీసుకెళ్తామండీ అన్నారు” అంటోంది ముసలావిడ. “నా కొడుకే లేకుండా పోయాక, నిన్ను ఉండమని ఏ మొహం పెట్టుకుని అడగను? నువ్వు పడవెక్కుతుంటే చేతికి దొరికింది తెచ్చి ఇచ్చాను.”

“నన్ను వద్దనుకున్నారనుకున్నానండీ.”

“ఎవరన్నారా మాట?”

“ఎవరూ అనలేదు. ఉండమని కూడా ఎవరూ అనలేదు కదండీ.”

చేటలో బియ్యం కదిలిన చప్పుడు వినిపించింది. తర్వాత ముసలావిడ గొంతు ఇంకా చిన్నదైంది. “ఇప్పుడంటే ఉంటావా?”

అత్త ఏమందో నేను వినలేదు. నిద్రపోయి ఉంటాను.

సాయంత్రానికి తిరిగి రావలసినవాళ్ళం రాలేదు. మర్నాడూ రాలేదు. ఆ లంకలో ఉన్న రోజులు ఎన్నో నాకు తెలియదు, అవన్నీ ఒకే పొడుగాటి సాయంత్రంలా కలిసిపోయాయి. పొద్దు వాలేసరికి నీళ్ళు ముందు పసుపు, తర్వాత ఊదా, తర్వాత ఏ రంగూ కాకుండా అయ్యేవి. పెట్ట వచ్చిందని తెలిసి ఊళ్ళో ఆడవాళ్ళు చూడటానికి వచ్చారు. ఊరికే రాకుండా తలా ఇన్ని గింజలు కొంగున కట్టుకుని వచ్చారు. పిల్లలు గుండ్రంగా కూచుని, అది నడిస్తే తామూ జరుగుతూ, ఆగితే ఆగుతూ చూసేవారు. అన్ని గింజల మధ్య ఏది పొడవాలో తెలియక పెట్ట నిలబడిపోయేది. మా ఇంట్లో గోడవారన కూచునే అత్త ఇక్కడ గుమ్మం మధ్యలో కాళ్ళు చాపుకుని కూచుని, వచ్చినవాళ్ళతో మాట్లాడుతోంది. గొంతు కొంచెం పెద్దదైంది. అది ఆవిడ అసలు గొంతేమోనని నాకు అనిపించింది.

నాన్నగారు వెతుక్కుంటూ వచ్చారు. ముసలావిడకి దణ్ణం పెట్టి, ఎలా ఉన్నారండీ అని అడిగి, పీట మీద కూచున్నారు. ఆవిడ మజ్జిగ ఇచ్చింది. పోయినవారి మాట ఎవరూ ఎత్తలేదు. మజ్జిగ తాగి ఆయన ఇంక బయల్దేరదామన్నట్టు లేచారు. అత్త లేవలేదు.

“అన్నయ్యా, నేనిక్కడే ఉంటాను.”

నాన్నగారికి అర్థం కాలేదు. “మనింట్లో నీకేం తక్కువైందమ్మా?” అన్నారు.

“ఏమీ తక్కువ కాలేదు. అక్కడ నన్ను మీరంతా బాగా చూసుకున్నారు. ఇక్కడ నేను చూసుకోవడానికి ఒకరున్నారు.”

ఆయన మళ్ళీ పీట మీద కూచున్నారు. చేతిలో ఖాళీ గ్లాసు అటూ ఇటూ తిప్పారు. ముసలావిడ తల వంచుకుని నేల చూస్తోంది, తన మాట వల్ల ఆయన నిర్ణయం ఒకవైపు తూగుతుందేమోనన్న భయంతో ఊపిరి కూడా మెల్లిగా తీసుకుంటున్నట్టుంది. చివరికి నాన్నగారు ఆవిడ వైపు తిరిగి, మా చెల్లెల్ని మీ దగ్గర ఉంచుతున్నానండీ, కబురు తెలుస్తూ ఉండాలి అన్నారు. ఆవిడ కళ్ళొత్తుకుంది. ఆ పూట అక్కడే భోజనం చేశాం.

తిరిగి వస్తుంటే దోనెలో నాన్నగారు కొల్లేటి నీళ్ళు దోసిట్లో తీసుకుని మొహం కడుక్కున్నారు. కాసేపాగి మళ్ళీ కడుక్కున్నారు. ఒడ్డు దగ్గరపడుతుండగా, నాతో కాదు గాని పైకే అన్నారు. “ఆ రోజే దాన్ని అడగాల్సింది.”

ఇంట్లో అమ్మ సంగతి విని పొయ్యి ముందు కూలబడిపోయింది. “పెట్టని కోద్దామన్నాననేనా?” అని ఏడ్చింది. నాన్నగారు అదేం కాదని ఎంత చెప్పినా ఆవిడ మనసుకి పట్టలేదు. గూడెం చుట్టాలు వచ్చారు, కొరమీను పులుసు తిని, చాలా బాగుందని మెచ్చుకుని వెళ్ళారు. అమ్మ ఆ మెప్పు కూడా సరిగా వినలేదు. వాళ్ళు వెళ్ళాక ఏలూరు వెళ్ళే బండివాడికి చెప్పి, సంతలో ఒక పుంజుని తెప్పించింది. ఎర్రని ఒళ్ళు, నల్లని తోక, నిలబడితే మా మోకాళ్ళు దాటే పుంజు. దాని కాలికి తన పాత పట్టుచీర అంచు చింపి కట్టింది. దోనె ముసలాయనకి అప్పగించి, ఎవరు పంపారని అడిగితే వదిన పంపిందని చెప్పండి, ఇంకేం చెప్పొద్దు అంది.

మా ఇంటి దూలాల మీద నీటి వెలుగు రోజూలాగే వణికేది. పంచలో తట్టని అమ్మ తియ్యలేదు. మధ్యాహ్నాలు నేను ఒక్కదాన్నీ పడుకుని, చెంపకి ఆనవలసిన వెచ్చదనం ఆనక, మెలకువకీ నిద్రకీ మధ్య తేలుతూ ఉండేదాన్ని. దోనె ముసలాయన వచ్చినప్పుడల్లా ఏదో ఒక కబురు తెచ్చేవాడు. పుంజు చేరిన మర్నాడు తెల్లవారుజామున అది కూస్తే ఊరంతా లేచి బయటికి వచ్చిందట. పెట్టకి మెడనిండా కొత్త ఈకలు వచ్చాయట. మాఘమాసంలో గుడ్లు మొదలుపెట్టిందట. అత్త వాటిని ఎవరికీ ఇవ్వకుండా పొదగేసిందట. లేచిన పిల్లల్ని ఇంటికొకటిగా పంచే పనిలో ఉన్నారటండీ అని చెప్పినప్పుడు, అమ్మ మొదటిసారి నవ్వింది.

ఆ వేసవికి నీరు బాగా తీసింది. చలికాలంలో దోనెలో వెళ్ళిన దారిలోనే అమ్మ, నేను బండిలో వెళ్ళాం. చక్రాల కింద ఎండిన తామరతీగలు విరుగుతున్నాయి. తలెత్తి చూస్తే, మా తలలకి ఎంతో పైన ఎక్కడో, ఆ రోజు మేం కూచున్న దోనె ఇంకా కదులుతోందేమో అనిపించింది. రెండు పక్కలా పచ్చగా వేసవి వరి. దూరంగా దిబ్బమీద లంక ఊరు ఎండలో తేలుతోంది.

ఊరు ఇంకా చాలా దూరం ఉండగానే, చేల మధ్య గట్టుమీద ఎవరో ఆడమనిషి మాకు ఎదురొస్తోంది. పెద్ద పెద్ద అంగలు వేస్తూ, చీర కుచ్చిళ్ళు ఒక చేత్తో పైకి పట్టుకుని, దాదాపు పరుగులా వస్తోంది. ఎవరమ్మా ఆవిడ అని నేను అడిగాను. అమ్మ కూడా పోల్చుకోలేదు. బండి ఇంకొంచెం ముందుకి వెళ్ళాక ఆవిడ చెయ్యెత్తి పెద్దగా నా పేరు పెట్టి పిలిచింది. అత్త అంత వేగంగా నడవగలదని నాకు అప్పటిదాకా తెలియదు.